ఓఎస్ అప్‌గ్రేడ్ తర్వాత ఫాంట్ల గోల: ఫాంట్ క్యాష్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరో ఒకరు రాత్రి అప్‌గ్రేడ్ కొట్టి పడుకోవడం, పొద్దున లేచి స్క్రీన్ నిండా అక్షరాల బదులు డబ్బాలు చూసి కంగారుగా మెసేజ్ పెట్టడం, నేను మళ్లీ అదే సమాధానం మొదట్నుంచీ టైప్ చెయ్యడం, ఇక నా వల్ల కాక అన్నీ ఒకచోట పెట్టేశా. మీ ప్రశ్న ఏదో చూసుకుని దాని కింద ఉన్నది చదివితే చాలు, వరసగా చదవక్కర్లేదు. కమాండ్లు, ఫోల్డర్ పేర్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టాలి, క్యాష్ అని ఉన్నచోట సీ ఏ సీ హెచ్ ఈ. డబ్బుల క్యాష్ స్పెల్లింగ్ కొట్టేసి కమాండ్ పనిచెయ్యట్లేదన్నవాళ్లు ఉన్నారు, అందుకే చెప్తున్నా.

## ముందు ఇది క్యాష్ గొడవేనా?

అసలు ఫాంట్ క్యాష్ అంటే ఏంటి? అది లేకపోతే ఏమవుతుంది?

మీ కంప్యూటర్లో తక్కువలో తక్కువ కొన్ని వందల ఫాంట్ ఫైళ్లుంటాయి. ఏ ప్రోగ్రామ్ తెరిచినా ప్రతిసారీ ఆ ఫైళ్లన్నీ ఒక్కోటీ విప్పి దీని పేరేంటి, బోల్డా మామూలా, ఇందులో తెలుగు ఉందా లేదా అని చూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకని ఓఎస్, అంటే విండోస్, మ్యాక్‌ఓఎస్, లినక్స్ లాంటిది, ఒకసారి అన్నీ చూసేసి వివరాలు ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటుంది, అదే ఫాంట్ క్యాష్. అందులో ఫాంట్లు ఉండవు, ఫాంట్ల గురించిన లెక్క మాత్రమే ఉంటుంది. అది లేకపోతే ఓఎస్ మళ్లీ రాసుకుంటుంది, ఆ ఒక్కసారికీ కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

నిన్నటిదాకా బాగానే ఉంది కదా, అప్‌గ్రేడ్ చేస్తే ఎందుకు పాడవ్వాలి?

అప్‌గ్రేడ్‌లో సిస్టమ్ ఫాంట్లకి కొత్త వెర్షన్లొస్తాయి, కొన్ని ఫాంట్లు తీసేస్తారు లేదా వేరే చోటికి మారుస్తారు, అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ కూడా మారుతుంది. పాత లెక్క మాత్రం అక్కడక్కడా మిగిలిపోతుంది. ఫాంట్ లోపల ప్రతి అక్షర రూపానికీ ఒక నంబర్ ఉంటుంది. పాత వెర్షన్లో "క" 57వది అనుకోండి, కొత్త వెర్షన్లో మధ్యలో నాలుగు రూపాలు చేర్చడంతో అది 61 అయింది. పాత లెక్క పట్టుకున్న ప్రోగ్రామ్ 57 ఇవ్వమంటుంది, అక్కడున్న ఇంకేదో అక్షరం వచ్చి కూర్చుంటుంది. అందుకే ఇలాంటప్పుడు చెత్త కూడా ఒక పద్ధతిగా ఉంటుంది, ఎక్కడ "క" ఉండాలో అక్కడల్లా అదే తప్పు అక్షరం కనపడుతుంది.

నాది క్యాష్ గొడవో, ఫాంటే లేదో ఎలా కనుక్కోవాలి?

ఇది తేల్చుకోకుండా డిలీట్లు మొదలెట్టకండి. ఇబ్బందిగా ఉన్న లైన్ ఒకటి కాపీ చేసి నోట్‌ప్యాడ్ లాంటి మామూలు ఎడిటర్లో, బ్రౌజర్లో, ఇంకో ప్రోగ్రామ్‌లో పేస్ట్ చెయ్యండి.

అన్నిచోట్లా ఖాళీ డబ్బాలే వస్తే ఆ లిపి ఉన్న ఫాంట్ సిస్టమ్‌లో లేదని అర్థం, క్యాష్ ఎన్నిసార్లు తీసినా రాదు. అక్షరాలు చదవడానికి బాగానే ఉండి రూపం మాత్రం వేరేగా ఉంటే మీరడిగిన ఫాంట్ దొరక్క ఓఎస్ ఇంకోటి పెట్టింది. ఒక్క ప్రోగ్రామ్‌లోనే తేడాగా ఉంటే ఆ ప్రోగ్రామ్ సొంత క్యాష్‌ని అనుమానించాలి. అదే తప్పు అక్షరాలు రావడం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం, మెనూలు ఖాళీగా ఉండటం, ఫాంట్ లిస్ట్‌లో పేరుంది కానీ సెలెక్ట్ చేస్తే ఏం మారకపోవడం, రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఒక్కో రకంగా ఉండటం, ఇవి మాత్రం సిస్టమ్ క్యాష్ లక్షణాలు.

ఇంకా తేలకపోతే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి క్రియేట్ చేసి అందులో లాగిన్ అయి చూడండి. అక్కడ శుభ్రంగా ఉంటే గొడవ మీ అకౌంట్‌లోని ఫాంట్లదో క్యాష్‌దో, అక్కడా అదే ఏడుపైతే సిస్టమ్‌ది. అయిదు నిమిషాల పని, ఎందుకో ఎవరూ చెయ్యరు.

"స్త్రీ" అని కొడితే ముక్కలు ముక్కలుగా వస్తోంది, ఒత్తులు పక్కన పడుతున్నాయి. ఇదీ క్యాషేనా?

చాలావరకు కాదు. మనకి స్త్రీ ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు కోడ్లు. ఆ ఆరింటినీ తీసుకుని, ఫాంట్‌లో రాసి ఉన్న నియమాల ప్రకారం స కింద త వత్తు వేసి, ర వత్తు చేర్చి, పైన గుడి దీర్ఘం పెట్టేది షేపింగ్ ఇంజన్ అనే ఇంకో భాగం. అది పనిచెయ్యకపోతే పొల్లులు బయటికొచ్చి స్‌ త్‌ రీ అని విడివిడిగా నిలబడతాయి, లేదంటే చుక్కల సున్నా ఒకటొచ్చి దానికి గుణింతం గుర్తు వేలాడుతుంది.

అప్‌గ్రేడ్ తర్వాత ఇది ఎక్కువగా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో కనపడుతుంది, ఎందుకంటే ప్రిఫరెన్సులు రీసెట్ అయిపోతాయి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకున్నారో లేదో చూడండి, పాత ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజన్ సెట్టింగ్ చూసి మళ్లీ తెరవండి. ఈ షేపింగ్ ఎంత సున్నితమో చెప్పాలంటే, 2018లో జ్ఞా రూపంలో ఉన్న ఒక్క తెలుగు కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇస్తే గానీ తగ్గలేదు.

అక్షరాలు మసగ్గా, పల్చగా కనపడుతున్నాయి. క్యాష్ తీసెయ్యనా?

వద్దు, సంబంధం లేదు. విండోస్ అయితే స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని వెతికి ఆ సెట్టింగ్ మళ్లీ చేసుకోండి, డిస్‌ప్లే స్కేలింగ్ శాతం మారిందేమో కూడా చూడండి. మ్యాక్‌లో 2018 నాటి మొహావే నుంచి అక్షరాల అంచులు నునుపు చేసే సబ్‌పిక్సెల్ స్మూతింగ్ తీసేశారు, కాబట్టి మామూలు రిజల్యూషన్ మానిటర్ తగిలిస్తే అక్షరాలు పాత వెర్షన్లో ఉన్నంత గట్టిగా ఉండవు.

## ఏదీ డిలీట్ చెయ్యకముందు

క్యాష్ డిలీట్ చేస్తే నా ఫాంట్లు పోతాయా?

పోవు, తీసేసినా ఓఎస్ మళ్లీ రాసుకుంటుంది. కానీ ఫాంట్ క్యాష్ ఫోల్డర్ వేరు, ఫాంట్స్ ఫోల్డర్ వేరు, నిద్రమత్తులో రెండూ ఒకేలా కనపడతాయి. ఈ మాట అనుభవం మీద చెప్తున్నా, ఒక రాత్రి రెండు గంటలకి నేను తీసేస్తున్నది క్యాష్ అనుకుని ఫాంట్స్ ఫోల్డర్లో నేను చేర్చుకున్నవన్నీ షిఫ్ట్ డిలీట్ కొట్టేశా, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోలేదు, వాటిలో సగం ఎక్కడ డౌన్‌లోడ్ చేశానో కూడా గుర్తులేదు. అప్పట్నుంచీ డిలీట్ చెయ్యడం మానేసి ముందు డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ పెట్టి అందులోకి కట్ పేస్ట్ చేస్తున్నా, రెండ్రోజులు అంతా బాగుంటే అప్పుడు తీసేస్తా.

ఏమీ ముట్టుకోకుండా ముందు ట్రై చెయ్యదగ్గది ఏమైనా ఉందా?

రీస్టార్ట్. నవ్వకండి, విండోస్‌లో షట్‌డౌన్ చేసి ఆన్ చెయ్యడం, రీస్టార్ట్ చెయ్యడం ఒకటి కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో సిస్టమ్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, ఉన్న స్థితి డిస్క్ మీద దాచుకుని మళ్లీ దాన్నే తెస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. ఇంకోటి, పెద్ద అప్‌గ్రేడ్ అయ్యాక వెనకాల చిన్న అప్‌డేట్లు క్యూలో ఉంటాయి, అవి అయిపోయాక ఒకసారి రీస్టార్ట్ చేసి అప్పుడు చూడండి.

ఒక్క క్లిక్కుతో ఫాంట్లు రిపేర్ చేసే టూల్స్ ఉన్నాయట, వాడొచ్చా?

నేనైతే వాడను. క్యాష్ తీసెయ్యడం రెండు నిమిషాల పని, దానికోసం తెలియని ప్రోగ్రామ్‌కి అడ్మిన్ పర్మిషన్ ఇవ్వడం ఎందుకు. ఏదైనా వెబ్‌పేజీ గజిబిజి అక్షరాలు చూపించి "మీ కంప్యూటర్లో ఈ ఫాంట్ లేదు, అప్‌డేట్ నొక్కండి" అంటే వెంటనే ట్యాబ్ మూసెయ్యండి. 2017లో క్రోమ్ వాడేవాళ్లని హోఫ్లర్‌టెక్స్ట్ ఫాంట్ లేదని నమ్మించి ఇలాగే మాల్‌వేర్ ఎక్కించారు. బ్రౌజర్ ఎప్పుడూ ఫాంట్ కోసం మిమ్మల్ని ఫైల్ డౌన్‌లోడ్ చేసి రన్ చెయ్యమని అడగదు.

## విండోస్‌లో

విండోస్ 10 నుంచి 11కి వెళ్లా, ఫాంట్ క్యాష్ ఎలా తీసెయ్యాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది కదా, ఎక్కువమంది అడిగేది ఇదే. 10కైనా 11కైనా పద్ధతి ఒకటే.

ఓపెన్‌లో ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ మూసేసి, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ అని కొట్టండి. లిస్ట్‌లో విండోస్ ఫాంట్ క్యాష్ సర్వీస్ ఉంటుంది, దాని మీద డబుల్ క్లిక్ చేసి స్టాప్ నొక్కండి, స్టార్టప్ టైప్ డిసేబుల్డ్‌లో పెట్టి అప్లై చెయ్యండి, లేకపోతే మీరు ఫోల్డర్ తెరిచేలోపే అది మళ్లీ లేచి కూర్చుంటుంది. అక్కడే విండోస్ ప్రెజెంటేషన్ ఫౌండేషన్ పేరుతో ఇంకో ఫాంట్ క్యాష్ సర్వీస్ నడుస్తుంటే దాన్నీ ఆపండి.

తర్వాత సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సర్వీస్‌ప్రొఫైల్స్, లోకల్‌సర్వీస్, యాప్‌డేటా, లోకల్, అలా వెళ్తే ఫాంట్‌క్యాష్ అనే ఫోల్డర్ వస్తుంది. యాప్‌డేటా కనపడకపోతే హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసుకోండి, దారిలో పర్మిషన్ లేదంటే కంటిన్యూ నొక్కండి. లోపల ఫాంట్‌క్యాష్ అని పేరులో ఉన్న డాట్ డీఏటీ ఫైళ్లుంటాయి, అవన్నీ తీసెయ్యండి. ఆ తర్వాత విండోస్‌లో సిస్టమ్32 లోపల ఎఫ్ఎన్‌టీక్యాష్ డాట్ డీఏటీ అని ఒకే ఒక్క ఫైల్ ఉంటుంది, అదీ తీసెయ్యండి, ఆ ఫోల్డర్లో ఇంకేదీ ముట్టుకోవద్దు.

మళ్లీ సర్వీసెస్‌కి వెళ్లి స్టార్టప్ టైప్ ఆటోమేటిక్‌కి మార్చి స్టార్ట్ నొక్కి రీస్టార్ట్ చెయ్యండి. ఈ ఆఖరి ముక్క మర్చిపోయి సర్వీస్ డిసేబుల్డ్‌లోనే వదిలేసి, ప్రోగ్రామ్‌లన్నీ నెమ్మదించాయని నెల తర్వాత అడిగేవాళ్లు బోలెడుమంది. మొదటి బూట్ కాస్త ఆలస్యం అవుతుంది, కంగారు పడొద్దు.

ఫైల్ వాడకంలో ఉందంటూ డిలీట్ అవ్వట్లేదు, ఏం చెయ్యాలి?

సర్వీస్ నిజంగా ఆగిందో లేదో చూడండి. ఆగినా అదే మాటంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, నీలం స్క్రీన్ వస్తుంది, అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. అక్కడ విండోస్ నడవట్లేదు కాబట్టి ఫైల్ ఎవరూ పట్టుకోరు. ఒక్కోసారి ఆ ప్రాంప్ట్‌లో మీ సీ డ్రైవ్ వేరే అక్షరంతో కనపడుతుంది, డీఐఆర్ కొట్టి విండోస్ ఫోల్డర్ ఉన్న డ్రైవ్ ఏదో చూసుకున్నాకే డెల్ కొట్టండి. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటే రికవరీ కీ అడుగుతుంది, ముందే దగ్గర పెట్టుకోండి.

గౌతమి, వాణి ఫాంట్లు మాయమైపోయాయి, ఎక్కడికి పోయాయి?

పాడవ్వలేదు, అప్షనల్ అయిపోయాయి. తెలుగు డిఫాల్ట్ ఇప్పుడు నిర్మలా యూఐ, విండోస్ 10 నుంచి గౌతమిని, వాణిని తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ప్యాకేజీలో పెట్టారు. సెట్టింగ్స్‌లో అప్షనల్ ఫీచర్స్ అని వెతికి, ఫీచర్ చేర్చే బటన్ నొక్కి, తెలుగు అని టైప్ చేస్తే వస్తుంది. పాత డాక్యుమెంట్లలో పేజీలు జారిపోయి 12 పేజీలది 14 అయిందన్నవాళ్ల గొడవ కూడా చాలాసార్లు ఇదే, గౌతమికీ నిర్మలకీ లైన్ల ఎత్తు ఒకటి కాదు.

నేను వేసుకున్న ఫాంట్ వర్డ్‌లో కనిపిస్తోంది, ఇంకో ప్రోగ్రామ్‌లో కనపడట్లేదు. ఎందుకు?

విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి ఫాంట్ ఫైల్ మీద మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే అది మీ ఒక్క అకౌంట్‌కే పడుతుంది, సీ డ్రైవ్ విండోస్ ఫాంట్స్‌లోకి వెళ్లదు, మీ యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా లోపలికి వెళ్తుంది. కొన్ని పాత ప్రోగ్రామ్‌లు అక్కడ వెతకవు, వేరే అకౌంట్లకీ కనపడదు. ఆ ఫాంట్ తీసేసి, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ కొట్టండి.

ఫాంట్ క్యాష్ సర్వీస్ సీపీయూ అంతా తినేస్తోంది, ఫ్యాన్ గోల పెడుతోంది

అప్‌గ్రేడ్ అయిన మొదటి అరగంట అయితే వదిలెయ్యండి, లెక్క రాసుకుంటోంది. గంటలు గడిచినా ఆగకపోతే ఏదో ఒక పాడైన ఫాంట్ దగ్గర ఇరుక్కుని మళ్లీ మళ్లీ మొదలెడుతోంది. క్యాష్ ఫైళ్లు తీసి చూడండి, అయినా అదే ఐతే ఈమధ్య మీరు చేర్చిన ఫాంట్లు తీసి బయట పెట్టండి. సిస్టమ్ ఫైళ్ల మీద అనుమానముంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ కొట్టండి. అది చూసేది విండోస్ సొంత ఫాంట్లనే, మీరు వేసుకున్నవాటి జోలికి రాదు.

క్లీన్ ఇన్‌స్టాల్ చేసేశా, పాత ఫాంట్లు దొరికే దారుందా?

ఫార్మాట్ చెయ్యకుండా అదే డ్రైవ్ మీద వేసి ఉంటే సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ ఉంటుంది, అందులో పాత విండోస్ ఫాంట్స్, పాత యూజర్ ఫోల్డర్లు రెండూ వెతకండి. మామూలుగా 10 రోజుల తర్వాత విండోసే దాన్ని తీసేస్తుంది, కాబట్టి ఇవాళే చూడండి. ఫార్మాట్ చేసేస్తే మాత్రం బ్యాకప్పే గతి.

## మ్యాక్‌లో

మ్యాక్‌ఓఎస్‌లో ఫాంట్ క్యాష్ ఎలా క్లియర్ చెయ్యాలి?

తేలికైన దారి సేఫ్ మోడ్, అందులో బూట్ అయితే ఫాంట్ క్యాష్ దానంతటదే క్లియర్ అవుతుంది. ఇంటెల్ మ్యాక్ అయితే ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ పట్టుకోండి. ఎం సిరీస్ చిప్ ఉన్నదైతే పూర్తిగా ఆఫ్ చేసి, స్టార్టప్ ఆప్షన్స్ వచ్చేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకుని, డిస్క్ ఎంచుకుని, షిఫ్ట్ పట్టుకుంటే కంటిన్యూ ఇన్ సేఫ్ మోడ్ అని వస్తుంది. లాగిన్ అయి ఒక నిమిషం ఆగి మామూలుగా రీస్టార్ట్ చెయ్యండి. సేఫ్ మోడ్‌లో స్క్రీన్ మిణుకు మిణుకుమన్నా, నెమ్మదిగా ఉన్నా అది మామూలే.

పాత వెర్షన్లలో టెర్మినల్లో ఏటీఎస్‌యుటిల్ డేటాబేసెస్ హైఫన్ రిమూవ్ అని కొట్టేవాళ్లం, ఇంకా చాలాచోట్ల అదే చెప్తారు. మీ మ్యాక్‌లో ఆ కమాండ్ లేదంటే దానికోసం వెతుక్కోకండి, సేఫ్ మోడ్ చాలు.

ఫాంట్ బుక్‌లో కొన్నిటి పక్కన హెచ్చరిక గుర్తు ఉంది, దానర్థం?

ఎక్కువగా ఒకే ఫాంట్ రెండు కాపీలున్నాయని. పాత మ్యాక్ నుంచి తెచ్చుకున్న కాపీ మీ లైబ్రరీ ఫాంట్స్‌లో ఉంటుంది, కొత్త ఓఎస్‌తో వచ్చినది సిస్టమ్‌లో ఉంటుంది, రెండూ కొట్టుకుంటాయి. సిస్టమ్‌ది ఉంచి మీది ఆపెయ్యండి. వ్యాలిడేట్ ఆప్షన్‌తో పాడైనవి ఏవో కూడా తెలుస్తాయి. ఏదీ తేలకపోతే రిస్టోర్ స్టాండర్డ్ ఫాంట్స్ ఉంది, అది మీరు చేర్చినవన్నీ చెరిపెయ్యకుండా పక్కన వేరే ఫోల్డర్లోకి నెడుతుంది, అందులోంచి కావలసినవి ఒక్కోటీ వెనక్కి తెచ్చుకోవచ్చు.

సిస్టమ్ ఫాంట్ ఒకటి తీసేద్దామంటే ఒప్పుకోవట్లేదు

ఒప్పుకోదు. 2019 నాటి కాటలీనా నుంచి సిస్టమ్ ఉన్న భాగం రీడ్ ఓన్లీ. తిప్పలు పడి తీసినా వచ్చే అప్‌డేట్‌తో తిరిగొస్తుంది. వదిలెయ్యండి.

## లినక్స్‌లో

ఎఫ్‌సీ హైఫన్ క్యాష్ కొట్టా, ఏం మారలేదు

ఉత్త కమాండ్ కొడితే ఫోల్డర్ మార్పు తేదీ చూసి "ఇది మారలేదు కదా" అని దాటేస్తుంది. వెనకాల హైఫన్ ఎఫ్ వీ చేర్చండి, బలవంతంగా మళ్లీ రాయిస్తుంది, ఏ ఫోల్డర్లు చూస్తోందో స్క్రీన్ మీద చెప్తుంది కూడా. ఆ లిస్ట్ చదవండి, మీ ఫాంట్ పెట్టిన ఫోల్డర్ అందులో లేకపోతే గొడవ అక్కడే ఉంది. హోమ్‌లో డాట్ ఫాంట్స్ అనే పాత ఫోల్డర్ బదులు డాట్ లోకల్, షేర్, ఫాంట్స్‌లో పెట్టుకోవడం ఇప్పటి పద్ధతి. సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఒకసారి, సుడో లేకుండా ఒకసారి కొట్టండి, సిస్టమ్ క్యాష్, మీ సొంత క్యాష్ రెండూ వేరు.

అయినా మొండికేస్తే హోమ్‌లో డాట్ క్యాష్ లోపల ఫాంట్‌కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తం తీసెయ్యండి. తీసే ముందు లోపల ఫైళ్ల పేర్లు చూడండి సరదాగా, చివర క్యాష్ 7, క్యాష్ 8, క్యాష్ 9 అని నంబర్లుంటాయి, అవి ఫార్మాట్ వెర్షన్లు, అప్‌గ్రేడ్ అయినప్పుడల్లా పాతవి ఎవరూ ఊడ్చక అలాగే పడుంటాయి. వాటివల్ల నష్టం లేదు.

తెలుగు బాగానే వస్తోంది కానీ అక్షరాల రూపం మొత్తం మారిపోయింది

డిఫాల్ట్ ఫాంట్ మారింది, అంతే. ఉదాహరణకి 2022లో ఫెడోరా 36 చాలా భాషలకి నోటో ఫాంట్లని డిఫాల్ట్ చేసింది. ఇప్పుడు మీ సిస్టమ్ తెలుగుకి ఏది ఎంచుకుంటోందో చూడాలంటే ఎఫ్‌సీ హైఫన్ మ్యాచ్, స్పేస్, కోలన్ లాంగ్ ఈక్వల్స్ టీఈ కొట్టండి, తెలుగున్న ఫాంట్లన్నీ కావాలంటే మ్యాచ్ బదులు లిస్ట్. పాత లోహిత్ తెలుగే కావాలంటే ఆ ప్యాకేజీ వేసుకుని ఫాంట్‌కాన్ఫిగ్ సెట్టింగ్‌లో దాన్ని ముందు పెట్టుకోండి.

ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లో మాత్రం డబ్బాలొస్తున్నాయి

ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు గదిలో గొళ్లెం పెట్టుకుని ఉంటాయి, వాటి క్యాష్ వేరు. హోమ్‌లో డాట్ వార్, యాప్, ఆ యాప్ పేరు, క్యాష్, అందులో ఫాంట్‌కాన్ఫిగ్ ఫోల్డర్ తీసేసి యాప్ మళ్లీ తెరవండి.

## క్యాష్ తీసినా పోలేదు

ఒక్క డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఫాంట్లు రావట్లేదు, మిగతా అన్నిట్లో బాగున్నాయి

అడోబీ ప్రోగ్రామ్‌లకి సొంత లెక్క ఉంటుంది, ఓఎస్ క్యాష్ తీసినా అది అలాగే ఉంటుంది. ప్రోగ్రామ్‌లన్నీ మూసి అడోబీఎఫ్ఎన్‌టీ అని మొదలై డాట్ ఎల్ఎస్‌టీతో ముగిసే ఫైళ్లు వెతికి తీసెయ్యండి, తెరిచినప్పుడు మళ్లీ రాసుకుంటుంది. జింప్ అయితే ఫాంట్స్ ప్యానెల్ కింద రీఫ్రెష్ బటనే ఉంది. టైప్‌సెట్టింగ్‌కి లువాటెక్ వాడేవాళ్లు లువాఓటీఎఫ్‌లోడ్ హైఫన్ టూల్‌ని అప్‌డేట్, ఫోర్స్ ఆప్షన్లతో రన్ చెయ్యాలి.

పాత పీఎఫ్‌బీ ఫాంట్లు ఎంత చేసినా రావట్లేదు

రావు. అవి పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంట్లు, అడోబీ 2023 జనవరితో వాటికి సపోర్ట్ ఆపేసింది, లిబ్రేఆఫీస్ 5.3 నుంచే మానేసింది, లినక్స్‌లో అక్షరాలు అమర్చే పాంగో కూడా 1.44తో వదిలేసింది. అదే ఫాంట్ ఓటీఎఫ్ అనే కొత్త రకం ఫైల్‌గా దొరుకుతుందేమో చూసుకోండి.

పాత డీటీపీ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి

అవి యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరాలకీ వాటి సొంత కోడ్లిచ్చే పద్ధతి, రాకముందు తరహాలో చేసినవి. అను లాంటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీదే తెలుగు బొమ్మలు అతికించి ఉంటాయి, కాబట్టి ఆ ఫాంట్ లేకపోతే అసలు కోడ్లు బయటపడతాయి. ఫైల్ పాడవ్వలేదు, క్యాష్ తప్పూ లేదు. ఆ ఫాంట్ మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి, మార్చాక ఒత్తులు మాత్రం కళ్లతో ఒకసారి చదివి చూసుకోవాలి.

స్క్రీన్ మీద చక్కగా ఉంది, ప్రింట్ తీస్తే చెత్త వస్తోంది

అప్‌గ్రేడ్‌లో ప్రింటర్ డ్రైవర్ మారి ఉంటుంది, అది ఫాంట్‌ని తప్పుగా పంపుతోంది లేదా ప్రింటర్ తన సొంత ఫాంట్ పెడుతోంది. తయారీ కంపెనీ ఇచ్చిన కొత్త డ్రైవర్ వెయ్యండి. అర్జంటైతే పీడీఎఫ్ చేసి, అడోబీ రీడర్లో తెరిచి, ప్రింట్ డైలాగ్‌లో అడ్వాన్స్‌డ్ కింద ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ పెట్టి తీసుకోండి, కాస్త నెమ్మది కానీ కాగితం మీద సరిగ్గా పడుతుంది.

బ్రౌజర్లో అక్షరాలు బాగున్నాయి, బటన్ల మీద బొమ్మల చోట డబ్బాలున్నాయి

ఆ బొమ్మలు కూడా ఫాంటే, సైట్ నుంచి డౌన్‌లోడ్ అవుతుంది. కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొట్టి చూడండి, పోకపోతే యాడ్ బ్లాకర్ ఆపి చూడండి.

నాలుగొందల ఫాంట్లున్నాయి, ఏది పాడైందో ఎలా పట్టుకోవాలి?

ఒక్కోటీ తీసి చూస్తే వారం పడుతుంది, సగానికి సగం చెయ్యండి. మీరు చేర్చిన 400లో 200 బయట పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. గొడవ పోతే దొంగ బయట పెట్టినవాటిలో ఉన్నాడు, పోకపోతే లోపలున్నవాటిలో. ఆ సగాన్ని మళ్లీ సగం చెయ్యండి. 200, 100, 50, ఇలా తొమ్మిది రౌండ్లలో ఒక్క ఫైల్ మిగులుతుంది. తొమ్మిది రీస్టార్ట్‌లు విసుగే, కాదనను. విండోస్‌లో ముందు ఫైల్ పేరు చివర అండర్‌స్కోర్ సున్నా ఉన్నవి చూడండి, ఒకే పేరున్న ఫైల్ రెండోసారి వేసినప్పుడు అలా వస్తుంది. నోటో లాంటివాటిలో అన్ని మందాలూ ఒకే ఫైల్లో ఉండే వేరియబుల్ ఫాంటూ, విడి బోల్డ్, రెగ్యులర్ ఫైళ్లూ రెండూ వేసుకున్నవాళ్లు ఏదో ఒకటే ఉంచండి, రెండింటికీ లోపలి పేరు ఒకటే కాబట్టి బోల్డ్ అడిగితే ఏది వస్తుందో దానికే తెలీదు.

## ఇంకోసారి అప్‌గ్రేడ్ చేసే ముందు

ఈసారి ఈ గోల లేకుండా ఏం చేసుకోవాలి?

మీరు చేర్చుకున్న ఫాంట్ల ఫైళ్లు వేరే డిస్క్‌లో ఒక ఫోల్డర్లో పెట్టుకోండి, విండోస్ వాళ్లు మీ అకౌంట్‌లో పడ్డవి, అందరికీ పడ్డవి రెండు చోట్లా చూసుకోవాలి. ముఖ్యమైన డాక్యుమెంట్ ఒకటి ఫాంట్లు ఎంబెడ్ చేసి పీడీఎఫ్‌గా సేవ్ చెయ్యండి, రేపు పేజీ జారిందా లేదా అని పోల్చుకోవడానికి అదే ఆధారం. ఫాంట్ మేనేజర్ వాడుతుంటే ముందు దాన్ని అప్‌డేట్ చెయ్యండి.

ఏదీ పనిచెయ్యలేదు, ఎవరినైనా అడగాలంటే ఏమేం చెప్పాలి?

"ఫాంట్లు రావట్లేదు, హెల్ప్" అని మాత్రం పెట్టకండి. ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి వచ్చారు, ఏ ప్రోగ్రామ్, ఏ ఫాంట్, కొత్త యూజర్ అకౌంట్‌లో ఎలా ఉంది, ఇప్పటిదాకా ఏమేం తీసేశారు, ఇవి రాయండి. స్క్రీన్‌షాట్ పెట్టండి, దాంతోపాటు అదే లైన్‌ని టెక్స్ట్‌గా కూడా పేస్ట్ చెయ్యండి, ఎందుకంటే టెక్స్ట్ నా దగ్గర సరిగ్గా కనిపిస్తే మీ ఫైల్ బాగానే ఉందని అప్పుడే తెలిసిపోతుంది. ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీసి పంపితే మసకగా ఉన్నది మీ ఫాంటో మీ ఫొటోనో తేల్చడానికే అరగంట పడుతుంది.